పురుగు ఫోటోకి ఏ కెమెరా? కాంపాక్టా, డీఎస్ఎల్ఆరా?

పై వీడియోలో వరి దుబ్బు మొదట్లో రెండు పురుగులు చూశారు కదా. గోధుమ రంగుది సుడిదోమ, రసం పీల్చేది. ఆకుపచ్చది మిరిడ్ నల్లి, దోమ గుడ్లను తినే మన మిత్రపురుగు. రెండూ మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఫోటో మసకగా వస్తే ఏది ఏదో తెలియదు. దాన్ని గ్రూపులో పెడితే "దోమ పడింది, మందు కొట్టెయ్యి" అని ఎవరో ఒకరు అనేస్తారు. కొడితే ముందు పోయేది మిత్రపురుగే. అందుకే గుడివాడ, బందరు, దివిసీమ రైతులు తరచూ అడిగే కెమెరా ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్తున్నాం.

పురుగు దగ్గర చిన్న కాంపాక్ట్ కెమెరాదే పైచేయి. పువ్వు గుర్తు ఉండే మాక్రో మోడ్ పెట్టి, జూమ్ చెయ్యకుండా ఉంటే, చాలా మోడళ్లలో కొన్ని సెంటీమీటర్ల దగ్గరకి వెళ్లి తీయొచ్చు. సెన్సర్ చిన్నది కాబట్టి పురుగూ, దాని వెనక కాండమూ రెండూ స్పష్టంగా వస్తాయి. డీఎస్ఎల్ఆర్ తో మామూలుగా ఇచ్చే 18-55 లెన్సు సుమారు 25 సెంటీమీటర్ల కంటే దగ్గరకి ఫోకస్ కాదు. మాక్రో లెన్సు విడిగా కొనాలి, దాని ధరకి ఇంకో కాంపాక్ట్ వచ్చేస్తుంది. పైగా నీళ్లు నిలిచిన మడిలో వంగి, ఒక చేత్తో దుబ్బు విడదీసి, రెండో చేత్తో అంత బరువు పట్టుకుని తీయడం ఎంత కష్టమో ఒకసారి చేస్తే తెలుస్తుంది.

డీఎస్ఎల్ఆర్ పనికొచ్చేది సాయంత్రం వెలుగు తగ్గాక, పశువుల పాకలో జీవామృతం కలిపేటప్పుడు, రైతు సమావేశాల్లో. సెన్సర్ పెద్దది, చీకట్లోనూ బొమ్మ బాగుంటుంది. అయితే వీడియోకి కొనేవాళ్లు ముందు మైకు పెట్టే రంధ్రం ఉందో లేదో చూడండి. నికాన్ డి3500, కెనాన్ 1500డి లాంటి తక్కువ ధర మోడళ్లలో అది లేదు. గాలి హోరులో రైతు మాట వినపడకపోతే బొమ్మ ఎంత బాగుండి ఏం లాభం?

ఇక బ్యాటరీ. జపాన్ సంస్థ సిపా పరీక్ష ప్రకారం కెనాన్ 1500డి ఒక చార్జింగుతో 500 ఫోటోలు, నికాన్ డి3500 ఏకంగా 1550 తీస్తాయి. కాంపాక్టుల్లో చాలావరకు 200–300. ఈ తేడాకి కారణం, డీఎస్ఎల్ఆర్ లో కన్ను పెట్టి చూసే అద్దానికి కరెంటు పెద్దగా అక్కర్లేదు, కాంపాక్టులో తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. కానీ వీడియో తీసేటప్పుడు డీఎస్ఎల్ఆర్ లోనూ తెర, సెన్సర్ ఆగకుండా పనిచేస్తాయి, కాబట్టి ఆ 1550 చూసి మోసపోవద్దు. ఏది కొన్నా రెండో బ్యాటరీ తప్పదు.

గోడ గడియారంలో వేసే డబుల్-ఏ సెల్లుతో నడిచే పాత కాంపాక్టులు దొరికితే వదలకండి. నాగాయలంక, కోడూరు వైపు తుపానుకి కరెంటు పోయినా కిళ్లీ కొట్లో సెల్లు దొరుకుతాయి. మామూలు సెల్లు కెమెరాలో త్వరగా అయిపోతాయి గనుక, రీచార్జ్ అయ్యే నికెల్ సెల్లు రెండు జతలు ఉంచుకుని, కొట్టు సెల్లు అత్యవసరానికే వాడండి.

సెకండ్ హ్యాండ్ కొంటే బ్యాటరీ బయటికి తీసి చూడండి. ఉబ్బి ఉంటే ఆ బేరం వద్దు. బ్యాటరీని ఎండలో బండి మీద వదలొద్దు. బందరు సముద్రపు గాలికి లెన్సులో బూజు పడుతుంది, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. బియ్యంలో మాత్రం పెట్టకండి, తవుడు దుమ్ము లోపలికి పోతుంది.

ఫోన్లో దగ్గర ఫోటో స్పష్టంగా వస్తుంటే ఏదీ కొనక్కర్లేదు. రాకపోతే ముందు కాంపాక్ట్ కొనండి. ఊరూరా తిరిగి రైతుల వీడియోలు తీసేవాళ్లు మైకు రంధ్రం ఉన్న డీఎస్ఎల్ఆర్ చూసుకోండి. మినుము చల్లాక మారుకా పురుగు ఫోటోలు ఎలా తీయాలో వచ్చే వీడియోలో చూపిస్తాం.