తుపానుకు ముందుగా వచ్చు సహాయము

ఒకనాడు భూగోళ పాఠము చెప్పుచు మేము నల్లబల్లపై బంగాళాఖాతపు పటమును గీచి, దాని తీరముననున్న దేశములను చూపుచుంటిమి. బంగ్లాదేశమును చూపినప్పుడు, ఆ దేశపు సముద్రతీరమున కొన్ని ప్రాథమిక పాఠశాలలను అమెరికా సైనిక శాఖవారు కట్టించి యిచ్చిరని చెప్పితిమి. వెంటనే ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, సైన్యము యుద్ధము చేయవలెను గాని, పరదేశములో బడి కట్టుట యేమిటండీ?" అని యడిగెను. తరగతియంతయు నవ్వెను. ప్రశ్న నవ్వదగినది కాదు. గంట కొట్టువఱకు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. కావున దానిని సావకాశముగా ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ సముద్రమును గూర్చి తెలిసికొనవలెను. బంగాళాఖాతము ఉత్తరమునకు పోయిన కొలది గరాటువలె ఇఱుకగును. అచ్చట సముద్రపు లోతు తక్కువ. తుపాను గాలి తన ముందు త్రోసికొని వచ్చిన నీటికి ప్రక్కలకు పోవుటకు చోటు లేక, అది గోడవలె పైకి లేచి భూమిమీదికి వచ్చును. దీనినే మనము ఉప్పెన యందుము. బంగ్లాదేశపు దక్షిణ భాగము గంగా బ్రహ్మపుత్రానదులు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన పల్లపు నేల. లంకలలో నివసించువారికి ఎక్కుటకు కొండ లేదు, గుట్ట లేదు. ఉప్పెనను గూర్చి ఆంధ్ర తీరవాసులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో సుమారు పదివేలమందిని పొట్టన పెట్టుకొన్న ఉప్పెన ఈ సముద్రమునుండియే వచ్చినది.

1970 నవంబరు 12వ తేదీ రాత్రి, నాడు తూర్పు పాకిస్తాను అనబడిన ఆ తీరమునకు వచ్చిన భోలా తుపానులో 3 లక్షలు మొదలు 5 లక్షలవఱకు జనులు మరణించిరని అంచనా. దాని తరువాత 1971లో బంగ్లాదేశము స్వతంత్రమైనది. 1991 ఏప్రిల్ 29వ తేదీ రాత్రి చిట్టగాంగు తీరమును మఱియొక భయంకరమైన తుపాను తాకెను. సముద్రము ఇంచుమించు 20 అడుగుల ఎత్తున లేచివచ్చెను. సుమారు 1,38,000 మంది మృతినొందిరి.

ఈ రెండవ తుపానును గూర్చి చదువరులు గుర్తుంచుకొనవలసిన విషయ మొకటి కలదు. తుపాను గడచిన పిమ్మట వైద్య పరిశోధకులు కొందఱు ఆ తీరమునకు పోయి, వేయిమందికి పైబడిన జనులను గూర్చి ఎవరు బ్రదికిరి, ఎవరు మరణించిరి, ఎందువలన, అని విచారణ చేసిరి. ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టిన కట్టడమును చేరలేని వారిలో నూటికి సుమారు 22 మంది మరణించిరి. చేరగలిగిన వారిలో ఒక్కరును మరణింపలేదు. మృతులలో పదియేండ్లలోపు పిల్లలును, నలువదియేండ్లు దాటిన స్త్రీలును అధికముగా నుండిరి. ఆ రాత్రి చావు బ్రదుకులను నిర్ణయించినది గట్టి గోడ, గట్టి మిద్దె. పల్లెటూరిలో అట్టి గోడలు గల కట్టడము సాధారణముగా ఏది? ప్రార్థన చేయుచోటు, లేక బడి.

ఇక సైన్యము మాటకు వత్తము. ఆ తుపాను కొట్టునప్పటికి పారసీక సింధుశాఖలో యుద్ధము ముగిసి, అమెరికా నౌకాదళము స్వదేశమునకు తిరిగి పోవుచుండెను. సైన్యమును తీరమున దింపుటకు ఏర్పడిన ఆ ఓడలను మే నెలలో బంగ్లాదేశమునకు మరల్చిరి. మేజర్ జనరల్ హెన్రీ స్టాక్‌పోల్ అను నాతడు వానికి నాయకుడు. ఏడువేలకు పైబడిన సైనికులు ఆ కార్యమున పాల్గొనిరి. వంతెనలు తెగి, రేవులు పూడి, బియ్యమున్నను చేర్చుటకు దారిలేని లంకలకు వారు హెలికాప్టర్లలోను, నీటిమీదను బురదమీదను సమానముగా పోగల గాలిదిండు పడవలలోను ఆహారమును చేరవేసిరి. మురికినీటిని మంచినీరుగా మార్చు యంత్రములను దింపిరి. ఉప్పునీరు నిండిన చెఱువులు తప్ప వేఱు నీరులేని ఊళ్లలో ఆ యంత్రముల విలువ మందుల విలువకంటె తక్కువ కాదు. ఇంగ్లాండు, జపాను, చైనా, ఇండియా, పాకిస్తానులును సహాయము పంపెను. ఈ కార్యమునకు 'సముద్ర దేవదూత' అను నర్థముగల పేరు నిలిచినది.

అందు మెచ్చుకొనదగిన వివేకమొకటి కలదు. పరదేశపు సైనికులు వేలకొలది తీరమున దిగి గుడారములు వేసినచో, అప్పుడప్పుడే ఎన్నికై వచ్చిన ఆ దేశపు ప్రభుత్వము తన ప్రజల యెదుట చులకన యగును. కావున సైనికులలో నధికభాగము రాత్రులు ఓడలమీదనే యుండిరి. తీరమున రాత్రి నిలిచినవారు అయిదువందలకు మించలేదు. సామగ్రిని చేర్చుట మాత్రము వారి పని. ఏ ఊరికి ఎంత అని నిర్ణయించుట, పంచిపెట్టుట బంగ్లాదేశపు అధికారులును, స్వచ్ఛంద సంఘములును చేసిన పని. ఇట్లు సహాయము చేసినవాడు యజమానుడు కాలేదు. పొందినవాడు బిచ్చగాడు కాలేదు.

అయినను ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. ఓడలు వచ్చునప్పటికి తుపాను గడచి రెండు వారములైనది. వారు ఆకలిని తీర్చిరి, రోగమును ఆపిరి. మునిగిపోయినవారిని మాత్రము బ్రదికింపజాలరైరి. ఓడ యెంత పెద్దదైనను, గడచిపోయిన రాత్రిలోనికి పోజాలదు గదా! ఈ సత్యమునుండియే మా విద్యార్థి యడిగిన బడి పుట్టినది. సహాయము తుపాను వెనుక వచ్చుటకంటె ముందుగా వచ్చుట మేలు కాదా?

ముందుగా వచ్చు సహాయము మూడు విధములు. మొదటిది కట్టడము. అమెరికా రక్షణ శాఖ ధనములో పరదేశముల విపత్తు సంసిద్ధతకొఱకు శాసనముచేత ప్రత్యేకించిన భాగము కొంత కలదు. దానితో సైనిక ఇంజనీర్ల పర్యవేక్షణమున బంగ్లాదేశ తీరమున తుపాను షెల్టర్లు కట్టబడినవి. సైనికులే తాపీ పట్టిరని తలంపరాదు. ఇట్టి పనులలో ధనమును, నమూనాను, పరీక్షను వారు చూచుకొనగా, కట్టుబడి పని తఱచు ఆ దేశపు కంట్రాక్టర్లును మేస్త్రీలును చేయుదురు. ఈ భవనములు ఎత్తైన స్తంభములమీద నిలుచును. ఉప్పెన నీరు క్రిందుగా పోవుటకు వీలుగా నేల అంతస్తును ఖాళీగా విడుతురు. తుపాను దినమున అది ఆశ్రయము. తక్కిన దినములన్నియు అది బడి. ఈ యేర్పాటు ఖర్చు తగ్గించుటకు మాత్రమే కాదు. ఏడాదికొక్కమాఱు తెఱచు భవనము తలుపులు త్రుప్పు పట్టును, దాని దారి ముండ్లపొదలతో నిండును. ప్రతిదినము పిల్లలు పోవు భవనమునకు చీకటిలోనైనను దారి తప్పరు.

ఇచ్చట న్యాయముగా చెప్పవలసినది, ఆ తీరముననున్న వేలకొలది షెల్టర్లలో సైనిక శాఖవారు కట్టించినవి కొలదిపాలే. బంగ్లాదేశ ప్రభుత్వము, ప్రపంచ బ్యాంకు, జపాను, సౌదీ అరేబియా మొదలైనవారు కట్టించినవే అధికము.

రెండవది మనుష్యులను సిద్ధపఱచుట. గోడ యున్నను, దానికడకు పోవుమని చెప్పువారు లేనిచో ఫలమేమి? 1991లో హెచ్చరిక రాకపోలేదు. వచ్చినను, మునుపటి హెచ్చరికలు వట్టివైనవని కొందఱును, ఇల్లు విడిచిన దొంగలు పడుదురని కొందఱును, పశువులను విడువలేక కొందఱును, పరపురుషుల నడుమ నిలువలేక స్త్రీలనేకులును కదలలేదు. ఈ లోపమును తీర్చుటకు 1972లోనే రెడ్ క్రాసువారు ఆరంభించిన తుపాను సంసిద్ధతా ప్రణాళిక యను స్వచ్ఛంద సేవకుల సంస్థను పిమ్మట విస్తరించిరి. ఊరివారే సేవకులు. అపాయము పెరిగిన కొలది వారు ఒకటి, రెండు, మూడు జెండాలను ఎగురవేయుదురు. చేతి సైరనుతోను మెగాఫోనుతోను వీథివీథి తిరిగి చాటుదురు. ఇప్పుడా సేవకులు డెబ్బదివేలకు పైబడియున్నారు. వారిలో సగము స్త్రీలు. ఇంటి యిల్లాలిని బయలుదేర్చుటకు మఱియొక ఇల్లాలి మాట కంటె బలమైనది లేదని అనుభవముచేత తెలిసికొనిరి. పశువులకొఱకు మట్టి దిబ్బలను వేసిరి. ఇది సైన్యము చేసిన పని కాదు. ఇది లేనిచో సైన్యము కట్టిన గోడలు వ్యర్థము.

మూడవది అభ్యాసము. 2010 తర్వాతి సంవత్సరములలో బంగ్లాదేశపు సైనికులును, అమెరికా సైనికులును, అగ్నిమాపక దళమువారును, వైద్యులును, స్వచ్ఛంద సంఘములవారును ఒక్కచోట కూడి, ఢాకా నగరములో గొప్ప భూకంపము వచ్చెనని భావించి, ఎవరు ఏ పని చేయవలెనో అభ్యసించిరి. విమానాశ్రయమును ఎవరు తెఱచియుంచవలెను? పరదేశపు విమానమును ఎవరి యాజ్ఞతో దింపవలెను? క్షతగాత్రులను ఏ ఆసుపత్రికి పంపవలెను? పరీక్షకు ముందురాత్రి పుస్తకము తెఱచు విద్యార్థి గతి ఎట్లుండునో మా చదువరులకు విశదమే. ప్రభుత్వముల విషయమును అంతే.

ఫలమేమైనది? 2007 నవంబరు 15వ తేదీన సిడ్ర్ అను తుపాను వచ్చెను. అదియు 1991నాటి దానివంటి ఘోరమైనదే. లెక్కకు వచ్చిన మృతులు సుమారు 3,400. అది చిన్న సంఖ్య కాదు. కాని 1,38,000 తో పోల్చి చూడుడు. 2020 మే నెలలో ఆంఫన్ తుపాను సమయమున, అంటువ్యాధి ప్రబలియున్నను, 20 లక్షలకు పైబడిన జనులను ఆశ్రయములకు చేర్చిరి; బంగ్లాదేశములో మృతులు పదుల సంఖ్యను దాటలేదు. తుపానులన్నియు ఒకే బలముగలవి కావనియు, ఒకే చోట తాకవనియు మేమెఱుగుదుము. అయినను ఈ తగ్గుదల గాలివలన వచ్చినది కాదు. నలువదియేండ్ల పని వలన వచ్చినది.

ఇన్ని చెప్పి, సందేహములను దాచుట బోధకునికి తగదు. సైన్యము తన రాజ్యముయొక్క సాధనము. పరదేశమున అది చేయు మేలులో దయయు నుండవచ్చును. స్నేహమును, పలుకుబడిని సంపాదింపవలెనను కోరికయు నుండును. పుచ్చుకొను దేశము దీనిని ఎఱిగియే పుచ్చుకొనవలెను. 2008 మే నెలలో నర్గీస్ తుపాను బర్మాదేశపు ఐరావతీ ముఖద్వారమును తాకగా, మరణించినవారును కానరానివారును కలిసి సుమారు 1,38,000 మంది యైరి. పరదేశపు ఓడలు సామగ్రితో సముద్రమున నిలిచి, అచ్చటి సైనిక ప్రభుత్వము తీరమునకు రానీయనందున, వారములు కాచి తిరిగిపోయెను. నమ్మకమును తుపాను నాటి యుదయమున కొనితెచ్చుకొనుట యసాధ్యము. దానిని కూడ గోడవలెనే ముందుగా కట్టుకొనవలెను. ఈ సందేహముల కారణముగనే 1994లో ఆస్లో నగరమున దేశములవారు కూడి కొన్ని సూత్రములను వ్రాసికొనిరి: విపత్తు పొందిన దేశము సమ్మతింపవలెను, పౌరసంస్థలవలన కాని పనికే పరదేశపు సైన్యమును పిలువవలెను, నాయకత్వము పౌరాధికారులదే కావలెను.

మన దేశమును ఈ కార్యమున వెనుకబడి లేదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ మన తీరమును కూడ కొట్టినను, మన నౌకాదళపు ఓడలు శ్రీలంకకును, మాల్దీవులకును, ఇండోనీషియాకును సహాయము తీసికొనిపోయెను. 2021 డిసెంబరులో బంగాళాఖాతపు దేశముల కూటమి కొఱకు పూణేలో మనవారు విపత్తు అభ్యాసమొకటి నడిపిరి. పుచ్చుకొనుట నేర్చిన దేశము ఇచ్చుటయు నేర్చినది.

ఇప్పుడు మా విద్యార్థికి సమాధానము చెప్పవచ్చును. నాయనా, సైన్యమునకు ఓడలు, ఇంజనీర్లు, క్రమశిక్షణ కలవు. వానిని తుపాను తరువాత శవములు తొలగించుటకు వాడుటకంటె, తుపానుకు ముందుగా గోడ కట్టుటకు వాడుట మేలు. అందుచేత అది బడి కట్టినది. కాని ఆ బడి ఎవరి ప్రాణమును తనంతట తాను కాపాడజాలదు. జెండా యెత్తు ఊరివాడు, పొరుగింటి తలుపు తట్టు ఊరియిల్లాలు, తమ్ముని చేయి పట్టుకొని నడుచు బడిపిల్ల దానిని ఆశ్రయముగా చేయుదురు.

తీరప్రాంతపు విద్యార్థులారా, ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు మూడు సంగతులు విచారింపుడు. మీ ఊరి షెల్టరు ఎచ్చట నున్నది? దాని తాళముచెవి ఎవరియొద్ద నున్నది? మీ యింటనున్న ముసలివారిని అచ్చటికి ఎవరు నడిపించుకొనిపోవుదురు? మూడింటికిని సమాధానము దొరికినచో మీ తలిదండ్రులకు చెప్పుడు. దొరకనిచో పంచాయతివారిని అడుగుడు. అడుగుటకు తగిన కాలము ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే.