రాత్రి పచ్చడి మెతుకులు, తెల్లారి కళ్ళ వాపు

పొద్దున లేచేసరికి కొందరికి కళ్ళ కింద ఉబ్బి ఉంటుంది. మొహం కడుక్కుంటుంటే చేతికి తెలుస్తుంది. "ఏమ్మా, రాత్రి ఏడ్చావా?" అని అత్త అడుగుతుంది. ఏడవలేదు. నిద్ర కూడా బాగానే పట్టింది. మరి ఈ వాపు ఎక్కడిది?

చాలాసార్లు అది రాత్రి కంచంలో నుంచి వస్తుంది.

చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికంటే చివర తింటారు. అప్పటికి గిన్నెలో కూర అయిపోతుంది. మిగిలేది అన్నం, ఆవకాయ, మజ్జిగ. మజ్జిగలోకి ఊరమిరపకాయ. ఒక్కోరోజు ఎండుచేప. ఇవన్నీ నిలవ ఉండాలని ఉప్పు బాగా వేసి పెట్టినవే. అది తిని, గిన్నెలు కడిగి, చాప వేసుకుని పడుకుంటారు.

ఉప్పుకు నీటిని పట్టి ఉంచే గుణం ఉంది. వానాకాలంలో ఉప్పు జాడీ చూడండి. గాలిలో తడిని లాక్కుని చెమ్మగిల్లుతుంది. ఒంట్లోనూ ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుంది. మూత్రపిండాలు ఆ ఉప్పును మెల్లగా బయటికి పంపుతాయి. ఒక్క పూటలో అయ్యే పని కాదు.

పగలు నిలబడి పని చేస్తుంటే ఆ నీరు కాళ్ళ వైపు దిగుతుంది. పడుకున్నాక మొహానికీ చేరుతుంది. కంటి చుట్టూ చర్మం బాగా పలచన, వదులు. అందుకే వాపు ముందు అక్కడే కనిపిస్తుంది. లేచి వాకిలి ఊడ్చి, పనిలో పడితే పొద్దెక్కేసరికి తగ్గిపోతుంది. ఇలాంటి వాపుకు భయం లేదు.

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. పప్పులో, కూరలో, పచ్చడిలో అంతా కలిపి అంతే. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు, నిజమే. మానక్కరలేదు. రాత్రిపూట నాలుకకు తగిలేంత వేసుకుంటే చాలు. వండగానే ఇంటి ఆడవాళ్ళకూ కూర వాటా తీసి పక్కన పెట్టాలి. ఇది ఒక్క ఉప్పు సంగతే కాదు లెండి! వాపు వచ్చిందని మంచినీళ్ళు తగ్గించడం కొందరికి అలవాటు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు దానివల్ల లాభం లేదు.

మధ్యాహ్నానికి కూడా వాపు తగ్గకపోతే, రోజూ అలాగే ఉంటే, అది పచ్చడి పని కాకపోవచ్చు. మూత్రం తగ్గిందా? నురుగు వస్తోందా? కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోందా? అయితే మూత్రపిండాల జబ్బు కావచ్చు. పిల్లల మొహం ఇలా వాచినా ఆలస్యం చేయకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

గర్భిణుల సంగతి వేరు. అయిదో నెల దాటాక మొహం, చేతులు హఠాత్తుగా వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకలు కమ్మినా బి.పి. పెరిగిందేమో చూడాలి. "నీరు పట్టింది, కాన్పయితే పోతుంది" అని ఊరుకుంటే గుర్రపువాతం వచ్చి తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ బి.పి. చూసి, మూత్రం పరీక్ష చేస్తారు. అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయవచ్చు. బండికి డబ్బు కట్టక్కరలేదు.