పెన్‌డ్రైవ్‌లో ఫైల్ వచ్చింది.. రేట్లు రాలేదు! బ్రౌజర్ యాప్‌ల సెట్టింగ్స్ అసలు ఎక్కడ ఉంటాయో తెలుసా?

సొంతంగా రాసుకున్న చిన్న యాప్. ఇంటర్నెట్ అక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో ఓపెన్ అయిపోతుంది. అంతా బాగానే ఉంది.. కానీ ఒకరోజు పెట్టుకున్న సెట్టింగ్స్ అన్నీ ఖాళీ! ఇలా ఎందుకు జరుగుతుంది? ముందే ఏం చేయాలి?

ఆత్రేయపురంలో ఒక పూతరేకుల దుకాణం ఉందనుకుందాం. 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన ఊరి మిఠాయి ఇది. కౌంటర్ మీద ఉన్న ల్యాప్‌టాప్‌లో బిల్లు లెక్క వేసే చిన్న పేజీ ఉంది. ఇంజినీరింగ్ చదివే ఇంటి కుర్రాడే రాసిచ్చాడు. పంచదార రకం, బెల్లం రకం, డ్రై ఫ్రూట్ రకం.. ఒక్కోదానికి రేటు ఎక్కించారు. అక్షరాలు పెద్దగా కనిపించేలా సైజు మార్చారు. రోజూ అదే వాడుతున్నారు.

సంక్రాంతి ముందు కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. పాత దాంట్లోని ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చారు. ఓపెన్ చేస్తే పేజీ వచ్చింది. రేట్లు మాత్రం లేవు! పాత ల్యాప్‌టాప్ అప్పటికే ఫార్మాట్ అయిపోయింది. బయట కారుల్లో వచ్చినవాళ్లు పార్సిళ్ల కోసం నిలబడి ఉన్నారు. ఇప్పుడేం చేయాలి?

అసలు జరిగింది ఏంటి?

ఫైల్ పాడవలేదు. వైరస్ కూడా కాదు. రేట్లు ఆ ఫైల్‌లో ఎప్పుడూ లేవు, అదీ అసలు సంగతి.

ఇలాంటి పేజీలు సెట్టింగ్స్‌ని ఎక్కువగా 'లోకల్ స్టోరేజ్'లో దాస్తాయి. ఇది బ్రౌజర్ తన దగ్గర ఉంచుకునే చిన్న అర లాంటిది. మామూలుగా 5 ఎంబీ వరకు పడుతుంది. ఆ అర ఉండేది బ్రౌజర్ సొంత ఫోల్డర్‌లో. హెచ్‌టీఎంఎల్ ఫైల్ డెస్క్‌టాప్ మీద ఉన్నా, రేట్లు మాత్రం క్రోమ్ దగ్గరో, ఫైర్‌ఫాక్స్ దగ్గరో ఉంటాయి. అందుకే ఫైల్‌ని కాపీ చేస్తే ఫైలే వస్తుంది, రేట్లు రావు. అదే ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌కి బదులు ఫైర్‌ఫాక్స్‌లో ఓపెన్ చేసినా ఇంతే.

వెబ్‌సైట్‌కి లేని తలనొప్పి ఫైల్‌కి ఎందుకు?

వెబ్‌సైట్‌కి స్థిరమైన అడ్రస్ ఉంటుంది. ఆ అడ్రస్‌ని బట్టే బ్రౌజర్ ఎవరి అర వాళ్లకి కేటాయిస్తుంది. కంప్యూటర్‌లోని ఫైల్‌కి అలాంటి అడ్రస్ లేదు. దాంతో దానికి ఏ అర ఇవ్వాలన్నది ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా తేలుస్తుంది. ఇలాగే ఉండాలని గట్టి రూల్ లేదు.

ఫైళ్లని విడివిడిగా చూసే బ్రౌజర్‌లో ఫైల్‌ని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మార్చినా, పేరు మార్చినా సెట్టింగ్స్ కనపడకుండా పోవచ్చు. తిరిగి పాత చోటే, పాత పేరుతోనే పెడితే మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. అన్ని ఫైళ్లకీ ఒకే అర ఇచ్చే బ్రౌజర్‌లో ఇంకో ఇబ్బంది. రెండు యాప్‌లు ఒకే పేరుతో సేవ్ చేస్తే ఒకదాని రేట్ల మీద ఇంకోదాని రేట్లు పడిపోతాయి.

ఈ జాగ్రత్తల వెనుక భద్రత కారణం కూడా ఉంది. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో ఓపెన్ చేసిన లోకల్ పేజీ, అదే ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్లని చదవగలిగేది. డౌన్‌లోడ్స్‌లో పడ్డ ఒక దొంగ పేజీ పక్కనున్న ఫైళ్లని లాగేసే ప్రమాదం ఉండేది. 2019 జులైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 68 నుంచి ఏ ఫైల్‌కి ఆ ఫైల్‌నే పరాయిదిగా చూడటం మొదలైంది.

ఫోన్‌లో అయితే ఇంకా జాగ్రత్త

వాట్సాప్‌లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని నొక్కితే అది ప్రతిసారీ క్రోమ్‌లోనే తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు. ఫోన్‌లోని వేరే వ్యూయర్‌లో తెరుచుకోవచ్చు. ఇవాళ ఒక దాంట్లో, రేపు ఇంకో దాంట్లో తెరిస్తే నిన్న పెట్టిన సెట్టింగ్ ఇవాళ కనపడదు.

ఇన్‌కాగ్నిటో మోడ్‌లో వాడితే విండో మూయగానే అన్నీ పోతాయి. ఫోన్ స్లో అయిందని 'కుకీలు, సైట్ డేటా' క్లియర్ చేసినా అంతే సంగతులు.

మరి దారేంటి?

1. బ్యాకప్ బటన్ పెట్టించుకోండి. అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే. బటన్ నొక్కితే రేట్లన్నీ ఒక చిన్న జేసన్ ఫైల్‌గా డౌన్‌లోడ్ అవ్వాలి. ఇంకో బటన్ నొక్కి ఆ ఫైల్‌ని ఎంచుకుంటే తిరిగి ఎక్కాలి. రెండింటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో పేజీతో పాటు ఈ ఫైల్ కూడా ఉంటే కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక్క నిమిషం పని.

2. అసలు రేట్లు పేజీలోనే రాయించండి. అర ఖాళీగా ఉన్నా కనీసం మొదట పెట్టిన రేట్లయినా కనపడతాయి. బిల్లు ఆగదు.

3. డేటాని ఫైల్‌లోనే ఉంచే పద్ధతీ ఉంది. జెరెమీ రస్టన్ 2004లో తెచ్చిన టిడ్లీవికీ అలాంటిదే. రాసుకున్న నోట్స్ అన్నీ ఆ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లోనే ఉంటాయి. అయితే పేజీ తనంతట తానే తన ఫైల్‌ని మార్చుకోవడానికి బ్రౌజర్ ఊరికే ఒప్పుకోదు. కాబట్టి మామూలుగా సేవ్ చేసిన ప్రతిసారీ కొత్త కాపీ డౌన్‌లోడ్ అవుతుంది. ఏది తాజాదో చూసుకోవాలి.

4. స్థిరమైన అడ్రస్ ఇవ్వండి. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట పేజీని ఉచితంగా పెట్టుకోవచ్చు. అప్పుడు అర గందరగోళం ఉండదు. కానీ ఒక్క మాట.. పేజీ ఆన్‌లైన్‌లోకి వెళ్లినా లోకల్ స్టోరేజ్‌లోని రేట్లు ఆ ఫోన్‌లోనే, ఆ బ్రౌజర్‌లోనే ఉంటాయి. ఇంకో ఫోన్‌లో కనపడవు. పైగా సఫారీ, 2020 మార్చిలో వచ్చిన 13.1 వెర్షన్ నుంచి, 7 రోజుల వాడకంలో ఒక్కసారి కూడా ముట్టుకోని సైట్ల డేటాని తీసేస్తోంది. అంటే ఇక్కడ కూడా బ్యాకప్ తప్పదు.

యాప్ రాసేవాళ్లు మరిచిపోకూడనివి

సేవ్ చేసే పేరు ముందు యాప్ పేరు తగిలించాలి. ఉత్త 'రేట్లు' అని కాకుండా 'పూతరేకుల బిల్లు రేట్లు' అన్నట్టు ఉంటే ఇంకో యాప్‌తో కలవదు. లోకల్ స్టోరేజ్ అక్షరాలనే దాస్తుంది, కాబట్టి రేట్ల పట్టికని జేసన్‌గా మార్చి పెట్టాలి. సేవ్ కాకపోతే ఆ సంగతి తెర మీద చెప్పాలి. గుట్టుచప్పుడు కాకుండా ఊరుకుంటే నష్టపోయేది కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషే.

కస్టమర్ల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో పెట్టొద్దు. దీనికి తాళం ఉండదు. ఆ ల్యాప్‌టాప్ చేతికి దొరికినవాళ్లు చూసేయొచ్చు.

ఒక్క నిమిషం పరీక్ష

ఏ యాప్‌నైనా నమ్మేముందు ఇలా చేయండి. ఒక రేటు మార్చండి. బ్రౌజర్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఆ తర్వాత ఫైల్‌ని వేరే ఫోల్డర్‌కి కాపీ చేసి తెరవండి. చివరగా బ్యాకప్ ఫైల్‌ని ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి చూడండి. మూడు చోట్లా ఏం జరిగిందో తెలిస్తే మీ రేట్లు ఎక్కడున్నాయో తెలిసినట్టే. ఈ పని పండగ రద్దీలో కాదు, ఖాళీగా ఉన్న రోజు చేసుకోండి!