504 గంటల్లో ఆసుపత్రివి పదే

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు డోసిటాక్సెల్ కీమో సాధారణంగా 21 రోజులకోసారి ఎక్కిస్తారు. అంటే ఒక సెలైనుకూ మరో సెలైనుకూ నడుమ 504 గంటలు. మందు నరంలోకి ఎక్కడానికి పట్టేది సుమారు ఒక గంట. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో తెల్లారకముందే బస్సెక్కి తిరుపతి చేరడం, ఓపీ చీటీ, రక్తపరీక్ష, డాక్టరు పిలుపు కోసం బెంచీ మీద కూచోవడం అన్నీ కలిపి ఆసుపత్రి ఖాతాలో పది గంటలు వేద్దాం. తక్కిన 494 గంటలూ చాలా ఇళ్లలో ఇల్లాలివే. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. ఆ గంటల్లో ఆమెకు అక్కరకొచ్చే అంకెలు కొన్నే. అవి తెలిస్తే మేలు.

రిపోర్టులో రెండు: 4, 50

రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే అనుమానిస్తారు. అది రోగం బయటపడేటప్పటి అంకె. చికిత్స మొదలయ్యాక చూడాల్సింది అది దిగుతోందా, ఎక్కుతోందా అని. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్ఏ పెరుగుతుంది కాబట్టి ఒక్క రిపోర్టు చూసి గుండె చెదరగొట్టుకోవద్దు. తేదీల వారీగా నోటుబుక్కులో రాసిపెట్టండి.

రెండోది మగ హార్మోన్ టెస్టోస్టెరాన్. ఈ క్యాన్సర్‌కు అదే మేత. ఆ మేతను ఆపితే రోగం తగ్గుతుందని 1941లో చూపిన చార్లెస్ హగిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. ఇప్పటికీ చికిత్సకు పునాది అదే. ఒకటి, మూడు, ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్లతోగానీ, వృషణాలు తొలగించే ఒక్క ఆపరేషన్‌తోగానీ డెసిలీటరుకు 50 నానోగ్రాముల కిందికి దించుతారు. ఇంజెక్షన్ తేదీ దాటిపోతే ఆ అంకె మళ్లీ పైకెక్కుతుంది.

దించాక మగాయన ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు, రాత్రి చెమటలు, ఊరికే కోపం, ఊరికే కన్నీళ్లు. ముట్లుడిగిన రోజుల్లో ఆమె పడ్డవే ఇవి. ఆయనకది కొత్త, ఆమెకు తెలిసిన దారి. పడక సంబంధం మీద ఆసక్తి పోవడం కూడా మందు పనే, మనసు పని కాదు. ఈ మాట డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూచోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

44 నుంచి 57.6

ఎంతకాలం అన్నదే అందరూ లోలోపల వేసుకునే ప్రశ్న. 790 మందితో జరిగి 2015లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, హార్మోన్ చికిత్స మాత్రమే తీసుకున్నవాళ్లలో సగం మంది 44 నెలలు దాటారు. దానికి ఆరు విడతల డోసిటాక్సెల్ కలిపినవాళ్లలో సగం మంది 57.6 నెలలు దాటారు. ఇది జాతకం కాదు, ఆ గుంపులో నడిమి లెక్క. అయినా ఒక సంగతి చెబుతుంది. ఇది పది రోజుల జ్వరం కాదు, ఏళ్ల సేవ. మొదటి నెలలోనే ఓపికంతా ఖర్చు పెట్టేయకూడదు.

100.4

కీమో తర్వాత, ఎక్కువగా రెండో వారంలో, తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం మామూలు జ్వరం కాదు. పారాసెటమాల్ వేసి పొద్దుటిదాకా చూద్దాం అనుకోకూడదు. మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది గానీ ఇన్ఫెక్షన్‌ను ఆపదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. వాకిట్లోనే "కీమో జరుగుతోంది, జ్వరం వచ్చింది" అని చెప్పండి.

48

మందు ఎక్కిన తర్వాత 48 గంటలపాటు ఆయన మూత్రం, వాంతి ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోవాలి. మరకైన బట్టలు విడిగా ఉతకాలి. మూత్రపు గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందే వేలాడాలి. గొట్టంలో ధార ఆగి పొత్తికడుపు ఉబ్బితే అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే.

24

ఈ క్యాన్సర్ ఎముకలకు పాకితే వెన్నెముకను ఇష్టపడుతుంది. కొత్తగా వీపునొప్పి, కాళ్లలో తిమ్మిరి, మెట్లెక్కలేకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం కనిపిస్తే వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. తైలం రాస్తూ కూచోకూడదు. 24 గంటల్లోపు స్కానూ చికిత్సా మొదలవ్వాలి. చికిత్స నాటికి నడుస్తున్నవాళ్లే ఎక్కువగా ఆ తర్వాతా నడుస్తారు.

రెండు ముందు, ఒకటి తర్వాత

హార్మోన్ చికిత్సలో భాగంగా కొందరికిచ్చే అబిరాటెరోన్ మాత్రల మామూలు మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ఖాళీ కడుపున. తిన్నాక రెండు గంటలు ఆగి వేసుకోవాలి, వేసుకున్నాక గంటదాకా తినకూడదు. కొవ్వు ఎక్కువున్న తిండితో వేసుకుంటే మందు రక్తంలోకి పది రెట్లదాకా ఎక్కువ చేరొచ్చు. అందుకే సంగటి ముద్ద చేసే వేళను మాత్ర వేళకు తగ్గట్టు మార్చుకోవాలి. దాంతోపాటు ఇచ్చే ప్రెడ్నిసోలోన్‌ను డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. బీపీ, షుగరు, పొటాషియం చూపిస్తుండాలి. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ ఆసిడ్ మొదలుపెట్టేముందు పళ్ల డాక్టరుకు చూపించండి. మందు నడుస్తుండగా పన్ను పీకిస్తే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది.

దూరం, డబ్బు

చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. ఆరు విడతలకు రానూపోనూ 840. వేలూరు సీఎంసీ ఆసుపత్రి అందులో సగం దూరమే గనక చిత్తూరు జనం చాలాకాలంగా అటే పోయేవారు. తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థకు 2018 ఆగస్టు 31న శంకుస్థాపన జరిగింది, 2022 మే 5న తలుపులు తెరిచింది. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయలదాకా పరిమితి ఉంది. మీ మందు అందులోకి వస్తుందో లేదో చికిత్సకు ముందే ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్లో అడగండి. వేలూరు వెళ్లడానికి కాట్పాడికి రైలెక్కేవాళ్లకు మరో మేలుంది. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత పత్రంతో రోగికి స్లీపరు, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ.

నోటుబుక్కులో లేని పేజీ

ఇన్ని అంకెలు రాసే ఆ పుస్తకంలో ఆమె బీపీ ఉండదు, ఆమె షుగరు మాత్ర మానేసి ఎన్ని రోజులైందో ఉండదు. ఆమె పడిపోతే 494 గంటలకూ మనిషి లేడు. అందుకే చివరి మాట ఆమెకు కాదు, ఊరికి దూరంగా ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ. రోజూ రాత్రి ఫోన్ చేసి "నాన్న ఎట్లున్నాడమ్మా" అని అడగడం చాలదు. ప్రతి విడతలో కీమో రోజుకు వచ్చి, ఆ తర్వాతి 48 గంటలు గ్లౌజులు మీరు తొడుక్కోండి. అమ్మను ఒక పూట నిద్రపోనివ్వండి. 504లో మీ వాటా అది.