ట్రయథ్లాన్ బైక్‌కు లక్షలు పెట్టాలా? 40 వేల బడ్జెట్‌లో కర్నూలు, కడప రోడ్లకు ఏది కరెక్ట్ అంటే..

ఈత.. సైకిల్.. పరుగు. మధ్యలో ఆగకుండా ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి పూర్తి చేస్తే అదే ట్రయథ్లాన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లోకి ఎంట్రీ ఇచ్చింది. 2019 నుంచి గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ జరుగుతుండటంతో మన దగ్గర కూడా ఈ పేరు గట్టిగానే వినిపిస్తోంది. రాయలసీమ పల్లెల్లో బావిలో ఈత నేర్చుకున్న కుర్రాళ్లకు కొదవ లేదు. పోలీస్, ఆర్మీ ఉద్యోగాల కోసం తెల్లవారుజామునే గ్రౌండ్‌లో పరుగులు తీసేవాళ్లూ బోలెడు మంది. ఈతకు ఓ కళ్లద్దాలు, పరుగుకు ఓ జత షూ ఉంటే సరిపోతుంది. ఎటొచ్చీ చిక్కంతా సైకిల్ దగ్గరే!

ఫోన్‌లో రేస్ వీడియోలు చూస్తే అందరి కిందా ఒకటే రకం బైక్ కనిపిస్తుంది. ముందుకు పొడుచుకొచ్చిన హ్యాండిల్, కత్తిలాంటి ఫ్రేమ్, పళ్లెంలా మూసుకుపోయిన వెనక చక్రం. రేటు చూస్తే లక్షల్లో ఉంటుంది. అది లేకపోతే పోటీకి పనికిరామేమో అనుకుని కొందరు ఆగిపోతారు. ఇంకొందరు అప్పు చేస్తారు. మరికొందరు ‘ఏదో ఒక గేర్ సైకిల్’ అని షాపువాడు చూపించింది తెచ్చుకుని ఆర్నెల్లకు మూలన పడేస్తారు. మూడూ తప్పే.

అసలు ఆ బైక్ ఎందుకు పుట్టింది?

1978లో హవాయిలో మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ జరిగింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపై 42.2 కిలోమీటర్ల పరుగు. 15 మంది మొదలుపెడితే 12 మంది పూర్తి చేశారు. అప్పటికి ట్రయథ్లాన్ బైక్ అనే వస్తువే లేదు. ఉన్న సైకిళ్ల మీదే తొక్కారు.

ఆ తర్వాత వచ్చిందే ఏరోబార్. మోచేతులు ఆనించి, ఒళ్లు ముడుచుకుని తొక్కడానికి వీలుగా ముందుకు చాచిన హ్యాండిల్ ఇది. 1989 టూర్ డి ఫ్రాన్స్‌లో దీని దెబ్బ ప్రపంచానికి తెలిసింది. చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌కు ముందు అమెరికన్ గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ట్రయథ్లాన్ వాళ్లు వాడే ఆ హ్యాండిల్ బిగించుకుని దిగాడు. మొత్తం టూర్‌నే 8 సెకన్ల తేడాతో ఎగరేసుకుపోయాడు! ఓడిన లారెంట్ ఫిన్యోన్ మామూలు హ్యాండిల్‌తోనే తొక్కాడు.

ఇందులో కిటుకు సింపుల్. స్పీడ్ 30 దాటిందంటే మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ఆ గాలికి అడ్డుపడేది సైకిల్ కంటే ఎక్కువగా మన ఒళ్లే. అంటే ఖరీదైన ఫ్రేమ్ కంటే కూర్చునే తీరు ముఖ్యం. సైజు సరిపోయిన మామూలు రోడ్ సైకిల్‌కు క్లిప్-ఆన్ ఏరోబార్ బిగించినా ఆ లాభంలో మంచి వాటా దక్కుతుంది. అదీ మొదటి ఏడాది అవసరం లేదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

దూరాన్ని బట్టి లెక్క

కొత్తవాళ్లు దిగేది స్ప్రింట్ పోటీకి. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరం దీనికి సరిగ్గా రెట్టింపు. గోవాలో జరిగేదాంట్లో సైకిలే 90 కిలోమీటర్లు.

గంటకు 25 కిలోమీటర్ల చొప్పున 40 కిలోమీటర్లు తొక్కితే 96 నిమిషాలు పడుతుంది. 28కి పెంచితే దాదాపు 86 నిమిషాలు. అంటే పది నిమిషాల తేడా. ఆ మూడు కిలోమీటర్ల స్పీడ్ పెరగడానికి కొత్తవాళ్లకు కావాల్సింది కార్బన్ ఫ్రేమ్ కాదు. సరైన సీటు ఎత్తు, గాలి నిండిన సన్న టైర్లు, వారానికి మూడు రోజుల ప్రాక్టీస్.

ఇంట్లో ఇప్పటికే గుబ్బల టైర్ల ఎంటీబీ ఉంటే మొదటి స్ప్రింట్ దాంతోనే కానిచ్చేయొచ్చు. చాలా పోటీల్లో కొత్తవాళ్ల విభాగానికి అభ్యంతరం ఉండదు, నిర్వాహకుల రూల్స్ ఒకసారి చూసుకుంటే చాలు. 29 అంగుళాల ఎంటీబీ రిమ్ముకూ, రోడ్ సైకిల్ 700సి రిమ్ముకూ టైరు కూర్చునే చోట వ్యాసం ఒకటే.. 622 మిల్లీమీటర్లు. కాబట్టి రిమ్ము వెడల్పు ఒప్పుకున్నంత మేర నున్నటి టైర్లు ఎక్కించి, ముందు సస్పెన్షన్‌ను లాక్ చేస్తే తేడా మొదటి రోజే తెలుస్తుంది. తక్కువ ఖర్చులో అయ్యే పని ఇది.

సైజు తప్పితే అంతా తప్పినట్టే

కొత్తది కొనాలని డిసైడ్ అయితే ముందు చూడాల్సింది బ్రాండ్ కాదు, సైజు. గోడకు ఆనుకుని, చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఓ లావుపాటి పుస్తకం పైకి నొక్కిపెట్టి నేల నుంచి దాని అంచు దాకా టేపుతో కొలవాలి. ఆ కొలతను 0.67తో గుణిస్తే రోడ్ ఫ్రేమ్ సైజు ఉజ్జాయింపుగా వస్తుంది. 80 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే 53.6.. అంటే 54 సైజు దగ్గర వెతకాలి. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది కాబట్టి వాళ్ల సైజు చార్ట్ కూడా చూడాలి.

అదే కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 80కి 70.6 సెంటీమీటర్లు. ఈ లెక్కకు లెమాండ్ పేరే స్థిరపడిపోయింది. మన ఊళ్లలో ఎక్కువ మంది సీటు బాగా కిందికి దించి తొక్కుతారు. ఆగితే కాళ్లు నేలకు ఆనాలని! మోకాళ్ల నొప్పులకు సగం కారణం అదే. సైకిల్ దిగాక పరిగెత్తాల్సిన మనిషికి మోకాలు పట్టేస్తే ఇక ఆ రోజు పోటీ అయిపోయినట్టే.

‘ఆఫర్‌లో ఈ సైజు ఒక్కటే మిగిలింది’ అని ఎవరన్నా చెబితే మర్యాదగా బయటకు వచ్చేయడం బెటర్. కొంచెం తేడాను సీటు, హ్యాండిల్ సర్దుకుంటాయి. రెండు సైజుల తేడాను ఏదీ సర్దదు.

సీమ రోడ్ల సంగతేంటి?

నెట్‌లో దొరికే సలహాలన్నీ యూరప్ రోడ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కర్నూలు, కడపల్లో కథ వేరు.

మొదటి శత్రువు పల్లేరుకాయ. వాన పడి ఎండిన తర్వాత రోడ్డు అంచుల్లో ఎటు చూసినా ఇదే. దీనికి తోడు సర్కారు తుమ్మ ముళ్లు. లారీ వస్తోందని మట్టి అంచులోకి దిగితే చాలు, టైరు అయిపోతుంది. అందుకే రేసింగ్ పేరుతో వచ్చే పల్చటి 23 ఎంఎం టైర్ల జోలికి పోకూడదు. పంచర్ ప్రొటెక్షన్ పొర ఉన్న 28 ఎంఎం టైర్లు పట్టే ఫ్రేమ్ చూసుకోవాలి. 32 పడితే ఇంకా మంచిది. ట్యూబులో సీలెంట్ పోయిస్తే చిన్న ముళ్లకు గాలి దిగదు.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. చాలా రోడ్ సైకిళ్లకు సన్నటి ప్రెస్టా వాల్వ్ వస్తుంది. ఓర్వకల్లు దగ్గరో, మైదుకూరు దగ్గరో పంచర్ షాపుకు వెళ్తే వాళ్ల గాలి పైపు దానికి పట్టదు. వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో పడేసుకుంటే సమస్య తీరిపోతుంది. దీని ధర ఓ ప్లేటు ఉగ్గాని, బజ్జీ ఖర్చుకు మించదు. అది లేకపోతే సైకిల్‌ను ఆటోలో వేసుకుని రావాలి.

రెండోది గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎలా కొడుతుందో ఈ జిల్లాల కొండల మీద తిరిగే గాలిమరలే సాక్ష్యం. ఆ రోజుల్లో కర్నూలు నుంచి నంద్యాల వైపు వెళ్తుంటే గాలి వెనక నుంచి తోస్తుంది. ‘ఆహా, ఏం స్పీడు’ అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది అసలు సంగతి! ఇలాంటి చోట లోతైన రిమ్ముల చక్రాలు కొంటే డబ్బు పోగా ప్రమాదం ఫ్రీ. లారీ ఓవర్‌టేక్ చేసినప్పుడు వచ్చే పక్కగాలికి ముందు చక్రం ఒక్కసారిగా గుంజేస్తుంది.

మూడోది ఘాట్లు. కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాట్ పాలకోవాకు ఎంత ఫేమసో, లారీ ప్రమాదాలకూ అంతే. అక్కడ ఒంటరిగా ప్రాక్టీస్ చేయమని ఎవరూ సలహా ఇవ్వరు. కానీ ఎక్కడైనా ఎత్తు ఎక్కాలంటే ముందు 50-34 పళ్ల చైన్ రింగులు, వెనక పెద్ద పళ్లచక్రం 28 నుంచి 32 పళ్లు ఉంటే మోకాళ్లు బతుకుతాయి.

గేర్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. షిమానో క్లారిస్ 8 స్పీడ్, సోరా 9 స్పీడ్. వీటి చైన్లు, క్యాసెట్లు పైరకాల కంటే చవక, మెకానిక్‌కూ తేలిక. బ్రేకుల్లో కూడా అంతే. రిమ్ బ్రేక్ అయితే అరిగిన ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. హైడ్రాలిక్ డిస్క్ చెడితే ఆయిల్ పోసి సరిచేసేవాడిని వెతుక్కుంటూ పెద్ద సిటీకి పోవాల్సి రావొచ్చు. కర్నూలు నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైమాటే.

మరి ఏరోబార్ ఇప్పుడే ఎందుకొద్దు? దాని మీద పడుకుని తొక్కేటప్పుడు చేతులు బ్రేకుల మీద ఉండవు. రాంగ్ రూట్‌లో ఆటో, అడ్డంగా మేకల మంద, రోడ్డు మీదే ఆరబోసిన జొన్నలు.. ఇవేవీ హారన్ కొట్టి రావు. సైకిల్ చేతికి బాగా అలవాటై, ఖాళీ రోడ్డు దొరికాక ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. పోటీదారులు ఒకరి వెనక ఒకరు గుంపుగా తొక్కడాన్ని అనుమతించే రేసుల్లో ఈ బార్లను ఒప్పుకోరు కూడా.

40 వేలు.. ఎలా సర్దాలి?

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే ఓ కుర్రాడి చేతిలో 40 వేలు ఉన్నాయనుకుందాం. మొత్తం సైకిల్‌కే పోస్తే దెబ్బతిన్నట్టే. 30 వేల దగ్గర గీత గీసుకోవాలి. హెల్మెట్‌కు 2 వేలు పక్కన పెట్టాలి. గాలి కొలిచే మీటరున్న పంపు, రెండు ట్యూబులు, టైర్ లీవర్లు, ప్యాచ్ కిట్ కలిపి 2,500. ప్యాడ్ ఉన్న షార్ట్స్ 1,500. ముందూ వెనకా లైట్లకు వెయ్యి. రెండు బాటిళ్లు, స్టాండ్లకు 500. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే చోట తెల్లారకముందే బయల్దేరాలి కాబట్టి లైట్లు, నీళ్లు రెండూ తప్పవు. మిగిలిన 2,500 మొదటి సర్వీసింగ్‌కు. షాపును బట్టి ఈ రేట్లు కాస్త మారతాయి. లెక్క మాత్రం ఇదే. బూట్లకు తగిలించే ప్రత్యేక పెడల్స్ ప్రస్తుతానికి పక్కన పెట్టేయొచ్చు. మామూలు పెడల్స్‌తో రన్నింగ్ షూ వేసుకునే తొక్కితే, దిగాక షూ మార్చే టైమ్ కూడా మిగులుతుంది.

30 వేలకు కొత్తదంటే ఎంట్రీ లెవల్ అల్లాయ్ రోడ్ సైకిలే. అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో ఒక మెట్టు పైది దొరికే ఛాన్స్ ఉంది. కాకపోతే కళ్లు తెరుచుకుని కొనాలి.

సెకండ్ హ్యాండ్‌లో చూడాల్సినవి

వెల్డింగ్ అతుకుల దగ్గర పెయింట్ కింద వెంట్రుకలాంటి గీత ఉందేమో వెలుతురులో చూడాలి. ఉంటే వద్దు. చవకగా వస్తోందని పాత కార్బన్ ఫ్రేమ్ తీసుకోవడం లాటరీ టికెట్ కొనడం లాంటిదే, లోపలి పగులు పైకి కనిపించదు. చైన్‌కు స్టీల్ స్కేలు పెట్టి 24 పిన్నుల దూరం కొలవాలి. కొత్త చైన్‌కు అది 30.5 సెంటీమీటర్లు. 30.8 వచ్చిందంటే చైన్‌తో పాటు వెనక క్యాసెట్ కూడా మార్చాల్సి రావొచ్చు. ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగొచ్చు. చక్రం ఎత్తి తిప్పితే బ్రేక్ ప్యాడ్ల మధ్య వంకర తిరగకూడదు.

పెడల్ ఇరుసు కింద, ఫ్రేమ్ అడుగున సీరియల్ నంబర్ ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే దొంగ సొత్తేమోనని అనుమానించాల్సిందే. బిల్లు అడగాలి. ఆన్‌లైన్‌లో ‘ఆర్మీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, అడ్వాన్స్ వేస్తే సైకిల్ పంపిస్తా’ అని ఎవరన్నా క్యూఆర్ కోడ్ పంపితే అక్కడితో ఫోన్ పెట్టేయడమే. వస్తువు కంటితో చూసి, ఓ ఐదు కిలోమీటర్లు తొక్కాకే డబ్బు చేతులు మారాలి.

రేస్ రోజు ఇవి మర్చిపోతే ఇబ్బందే

ట్రయథ్లాన్‌లో హెల్మెట్ బెల్టు బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగి దాన్ని స్టాండ్‌లో పెట్టాకే బెల్టు విప్పాలి. లేదంటే పెనాల్టీ. హ్యాండిల్ చివర్లకు బిరడాలు లేకపోతే చెకింగ్‌లోనే ఆపేస్తారు. రెండు చక్రాలకూ బ్రేకులు పనిచేయాలి. ఫిక్స్‌డ్ గేర్, ఒకే బ్రేకు ఉన్న ఫ్యాన్సీ సైకిళ్లు అక్కడ చెల్లవు.

ఇక గోవా దాకా చేర్చడం ఎలా? నంద్యాల, గుంతకల్ మీదుగా వాస్కోడగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. చక్రాలు, పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, సైకిల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఖాళీ అట్టపెట్టెలో సర్దితే స్టేషన్ పార్శిల్ ఆఫీసులో బుక్ చేయొచ్చు. వెనక గేర్ల దగ్గర మాత్రం పాత దుప్పటి ఒకటి గట్టిగా చుట్టాలి. పార్శిల్ దించేటప్పుడు మొదట వంగేది ఆ గేర్ కొక్కెమే. దానికి స్పేర్ ఒకటి ఇంటి దగ్గరే కొని బ్యాగులో వేసుకుంటే మేలు, ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో రకం ఉంటుంది కాబట్టి గోవాలో ఆఖరి నిమిషంలో వెతికినా దొరక్కపోవచ్చు.