షామీర్‌పేట ఆకాశంలో గెలాక్సీ.. మీ రెజ్యూమెలో ప్రాజెక్టు!

నవంబరులో, అమావాస్య దగ్గర్లో రాత్రి తొమ్మిదింటికి షామీర్‌పేట చెరువు దాటి, వీధిలైట్లు లేనిచోట బండి ఆపండి (ఒంటరిగా కాదు, ఫ్రెండ్స్‌తో). ఉత్తరం వైపు తలెత్తి చూడండి. సిటీ వెలుతురు దక్షిణాన, మన వెనక ఉండిపోతుంది. మేడ్చల్ వైపు ఉండేవాళ్ల అదృష్టమది. ఆకాశం శుభ్రంగా ఉంటే బైనాక్యులర్స్‌లో ఓ మసక మచ్చ దొరుకుతుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుతురు అక్కడ బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది.

నేను దాన్ని మొదటిసారి చూసేనాటికి ఉద్యోగం లేదు. రెజ్యూమెలో టైటానిక్ ప్రయాణికుల డేటాతో చేసిన ప్రాజెక్టు ఉండేది. మా బ్యాచ్‌లో చాలామందిదీ అదే! ఓ ఇంటర్వ్యూలో ‘ఈ కాలమ్ ఎందుకు తీసేశావ్?’ అన్నారు. వీడియోలో తీసేశారు కాబట్టి నేనూ తీసేశా. ఆ మాట చెప్పలేను కదా. ఆ తర్వాతే గెలాక్సీల డేటా పట్టుకున్నా.

స్లోన్ డిజిటల్ స్కై సర్వే డేటా అందరికీ ఉచితం. దాని స్కైసర్వర్ సైట్లో ఎస్‌క్యూఎల్ క్వెరీ రాస్తే లక్షల గెలాక్సీల వివరాలు వస్తాయి.

1926లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీలను ఆకారాన్ని బట్టి విడదీశాడు. గుండ్రంగా, కోడిగుడ్డులా ఉండేవి ఎలిప్టికల్. చేతులు చాచిన చక్రాల్లాంటివి స్పైరల్. ఏ ఆకారానికీ లొంగనివి ఇర్రెగ్యులర్. స్పైరల్స్‌లో గ్యాస్ ఇంకా ఉంటుంది, కొత్త నక్షత్రాలు పుడుతుంటాయి. అందుకే నీలంగా కనిపిస్తాయి. ఎలిప్టికల్స్‌లో ముసలి నక్షత్రాలే ఎక్కువ, ఎర్రగా ఉంటాయి. డేటాలో ‘యు’ విలువలోంచి ‘ఆర్’ విలువ తీసేసి గ్రాఫ్ గీస్తే రెండు గుట్టలు వస్తాయి. 2.2 దగ్గర గీత గీస్తే చాలావరకు విడిపోతాయి.

చాలావరకే! 2007లో మొదలైన గెలాక్సీ జూలో మామూలు జనం లక్షల ఫొటోలు కళ్లతో చూసి రకాలు గుర్తించారు. వాటిలో ఎర్ర స్పైరల్స్ కూడా బయటపడ్డాయి. ఆ లేబుల్స్‌ను మీ టేబుల్‌తో జాయిన్ చేస్తే మీ గీత ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది అదే. కచ్చితత్వం శాతం కాదు, తప్పిన చోటు.

ఎలా ఏర్పడతాయన్నదీ చదవండి. కృష్ణ పదార్థం గురుత్వంలో చిక్కిన గ్యాస్ చల్లబడి, తిరుగుతూ పళ్లెంలా పరుచుకుంటుంది. అలాంటి పెద్ద పళ్లేలు రెండు ఢీకొంటే తరచూ ఎలిప్టికల్ తయారవుతుంది. చక్కటి స్పైరల్ తయారవడానికి చాలా కాలం పడుతుందనుకునేవారు. 2025లో పుణె ఎన్‌సీఆర్ఏ పరిశోధకులు రాశి జైన్, యోగేశ్ వదాడేకర్ జేమ్స్ వెబ్ డేటాలో ‘అలకనంద’ను పట్టుకున్నారు. బిగ్ బ్యాంగ్ తర్వాత 150 కోట్ల ఏళ్లకే అది స్పైరల్!

మొదట వెయ్యి వరుసలు చాలు. మధ్యలో -9999 కనిపిస్తే కంగారుపడకండి. ఆ కొలత దొరకలేదని అర్థం. ముందు వాటిని తీసేయండి. ఎందుకు తీసేశారో మాత్రం రాసిపెట్టుకోండి.