రొట్టె గిన్నెలో కూర

పిల్లలూ! మీకు బాగా ఆకలేసి ఒక చిన్న హోటలుకు వెళ్ళారనుకోండి. "ఒక పావు బన్నీ ఇవ్వండి" అన్నారు. హోటలాయన కంచం తేలేదు, ఆకూ వెయ్యలేదు. ముక్కలు కొయ్యని పెద్ద రొట్టె ఒకటి తీసి, అందులో పావు వంతు కోశాడు. లోపలి మెత్తని భాగాన్ని తోడేశాడు. రొట్టె కాస్తా గిన్నె అయింది! అందులో ఘుమఘుమలాడే బీన్సు గింజల కూర నింపి, తోడిన ముక్కను మూతలాగా పైన పెట్టి మీ చేతికిచ్చాడు. చెంచా ఉండదు. ముందు మూతను కూరలో ముంచుకు తినాలి. తరువాత గిన్నెనే తుంచుకుంటూ తినాలి. కూర అయిపోయేసరికి గిన్నె కూడా మాయం. ఇక కడిగే పని ఏముంది?

దీన్ని "బన్నీ చౌ" అంటారు. ఇంగ్లీషులో బన్నీ అంటే కుందేలు పిల్ల. కాని భయపడకండి, ఇందులో కుందేలు మాంసం ఉండదు. వర్తకుణ్ణి "బనియా" అంటారు కదా, ఆ మాటే బన్నీ అయిందని చాలామంది చెబుతారు. దీన్ని మొదట ఎవరు చేశారా అని డర్బన్ వాళ్ళు ఈనాటికీ వాదించుకుంటూనే ఉంటారు.

డర్బన్ దక్షిణాఫ్రికాలో ఒక పెద్ద రేవు పట్నం. దానికి నైరుతిగా, కొండల మీద చాట్స్‌వర్త్ అనే పేట ఉంది. అక్కడ ఇళ్ళ తలుపుల మీద నాయుడు, రెడ్డి వంటి పేర్లు కనిపిస్తాయి. మనవాళ్ళు సముద్రం దాటి అంత దూరం ఎందుకు వెళ్ళారు? ఆ కథ వినండి.

ఆ ప్రాంతాన్ని అప్పట్లో నేటాల్ అనేవారు. అక్కడ ఇంగ్లీషు దొరలు చెరకు తోటలు వేశారు. పనివాళ్ళు కావలసి, మన దేశం నుంచి ఐదేళ్ళ ఒప్పందం మీద కూలీలను పిలిపించారు. 1860 నవంబరు 16న ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అది మొదటి ఓడ. 1911 దాకా అలా సుమారు 1,52,000 మంది వెళ్ళారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళే. తమిళులూ, తెలుగువాళ్ళూ అన్నమాట. మన రేపల్లె, బాపట్ల, తెనాలి కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోనివే.

జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. తిండికి కొలత ప్రకారం బియ్యం, పప్పు, ఉప్పుచేప వంటివి ఇచ్చేవారు. ఒక్కొక్కసారి బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి వచ్చేది. అన్నం తప్ప ఎరుగని ఇల్లాలు ఆ పిండి ముందు కూర్చుని ఏం చేసి ఉంటుందో ఊహించండి!

1895లో నేటాల్ ప్రభుత్వం ఇంకొక చట్టం చేసింది. ఆ తరువాత వచ్చిన కూలీలు, ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలి. పౌనుకు 20 షిల్లింగులు. నెలకు 10 షిల్లింగుల చొప్పున లెక్కకట్టి చూడండి. పన్ను కట్టాలంటే ఎన్ని నెలల జీతం పోవాలి? ఆరు నెలలది! 1913లో వేలమంది గని కూలీలూ, తోట కూలీలూ పని మానేశారు. గాంధీగారు ముందు నిలిచారు. 1914లో ఆ పన్ను రద్దయింది.

పన్ను పోయింది గాని, కష్టాలు పోలేదు. ఒప్పందం తీరినవాళ్ళు డర్బన్ చుట్టూ కూరగాయల తోటలు వేసుకున్నారు. కేటో మేనర్ అనేచోట తాతలు, తండ్రులు, మనవలు కలిసి ఉండే ఇళ్ళు లేచాయి. కొందరు పట్నంలో మునిసిపాలిటీ పనుల్లో చేరి, మేగజీన్ బేరక్స్ అనే వరస ఇళ్ళలో కాపురమున్నారు. అక్కడ తమిళం, తెలుగు మాటలే ఎక్కువగా వినిపించేవి.

ఇంతలో 1950లో ఒక చట్టం వచ్చింది. ఏ రంగు మనుషులు ఏ పేటలో ఉండాలో ఆ చట్టం చెప్పింది. మంచి చోట్లు తెల్లవాళ్ళవి. మిగిలినవాళ్ళు ఊరి వెలుపలికి పోవాలి. అలా సర్కారు కట్టించిన పేటలనే టౌన్‌షిప్పులంటారు. ఆఫ్రికా వాళ్ళకు ఒక టౌన్‌షిప్పు, మనవాళ్ళకు వేరొకటి. భారతీయుల కోసం 1960 తరువాత లేచినదే చాట్స్‌వర్త్. దానికి ఒక వైపు ఉమ్లాజీ ఉంది. అది ఆఫ్రికా వాళ్ళ పేట. ఇంకొక వైపు తెల్లవాళ్ళ పేటలు. మధ్యలో మనవాళ్ళు గోడలాగా!

కేటో మేనర్ నుంచి, మేగజీన్ బేరక్స్ నుంచి వేల కుటుంబాలు సామాను కట్టుకుని అక్కడికి పోవలసి వచ్చింది. ఒకే అచ్చులో పోసినట్టు చిన్న చిన్న ఇళ్ళు. ఉమ్మడి కుటుంబం అందులో పట్టేదెలా? ఒక ఇంటివాళ్ళు రెండు మూడు ఇళ్ళుగా విడిపోయారు. మొదట్లో ఆ పేటలకు పేర్లయినా లేవు, ఒకటో యూనిట్టు, రెండో యూనిట్టు అని అంకెలే. వీధులకూ అంకెలే. తాతలు ఓడ దిగినప్పుడు వాళ్ళకూ ఇలాగే తలకొక అంకె వేశారు సుమా!

అంకెల వీధుల్లో అమ్మలు ఏం చేశారో తెలుసా? పెరట్లో కరివేప మొక్క నాటారు. పక్కనే మిరప, మునగ. అక్కడ చామదుంపను జూలూ భాషలో "అమదుంబె" అంటారు. వినడానికి మన "దుంప" లాగానే లేదూ? దానితో కూర వండారు. తాతలకు కొరుకుడుపడని మొక్కజొన్న ఇప్పుడు సొంత తిండి అయింది. దాన్ని బియ్యపు నూకల్లాగా విసిరి అన్నంలా వండుకున్నారు. దాని పిండిని పులియబెట్టి జావ కాచి, అమ్మవారి జాతరకు నైవేద్యం పెట్టారు. మన ఊళ్ళో అంబలి పోసినట్టే!

ఇప్పుడు మళ్ళీ రొట్టె గిన్నె దగ్గరకు రండి. రొట్టె తెల్లవాళ్ళది. కూరలోని తాలింపు, మసాలా మనవి. కంచం కొనలేని కూలీ, తోటలోనో ఫాక్టరీలోనో నిలబడి తినగలిగే భోజనమది. అందులో ఒక జాతి కథ అంతా ఇమిడి ఉంది.

మరి భాష? వంటను నిలబెట్టుకున్నంత సులువుగా భాషను నిలబెట్టుకోలేకపోయారు. తెలుగు నేర్పడానికీ, ఉగాది చేసుకోవడానికీ, రామభజనలు పాడుకోవడానికీ 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అయినా బడిలో ఇంగ్లీషు, బజారులో ఇంగ్లీషు. ఇవాళ చాట్స్‌వర్త్ పిల్లల్లో చాలామందికి పప్పు రుచి తెలుసు గాని, తెలుగులో "ఇంకొంచెం పప్పు వెయ్యమ్మా" అనడం రాదు.

1991లో ఆ పాడు చట్టం రద్దయింది. 1994లో అన్ని రంగులవాళ్ళూ కలిసి మొదటిసారి ఓటు వేశారు. 1996లో రాసుకున్న కొత్త రాజ్యాంగం, దేశంలో ఆదరించి పెంపొందించవలసిన భాషలను పేరుపేరునా చెప్పింది. వాటిలో తెలుగు ఉంది!

ఇప్పుడు అక్కడివాళ్ళు కొందరు పాత ఓడల జాబితాలు వెతుకుతున్నారు. ముత్తాత పేరు, ఆయన అంకె, ఊరు వాటిలో ఉంటాయి. కాని గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. మన నగరం పేరే తీసుకోండి. జాబితాలో "నగరం" అని ఉంటే, అది ఈ ఊరా, ఇంకొక నగరమా, లేక పట్నం అనే అర్థమా? ఎలా తెలుస్తుంది?

కాబట్టి పిల్లలూ, ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి: మన ముత్తాతలది ఏ ఊరు? వాళ్ళింట్లో ఏం వండుకునేవారు? ఆ ఊరి పేరు, ఆ కూర పేరు తప్పుల్లేకుండా తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసి దాచండి. చాట్స్‌వర్త్‌లో మీ ఈడు పిల్లలు సరిగ్గా అలాంటి కాగితం ఒక్కటి దొరికితే చాలునని వెతుకుతున్నారు.